సముద్రంలో నిలిచి, ఒడ్డున పడ్డవాడు

కళ్ళు తిరిగి పడిపోయిన మనిషికి మొదటి శత్రువులు చుట్టూ ఉన్న ఆప్తులే. పడినవాడు పాపం, హాయిగా నేల మీద పడుకుని ఉంటాడు. వాడి ఒంటికి ఆ క్షణంలో కావలసింది కూడా అదే. అంతలో ఒక బావమరిది పరుగెత్తుకొచ్చి చంకల కింద చేతులేసి లేపుతాడు. ఒక పిన్నమ్మ కుర్చీ తెస్తుంది. స్పృహ లేనివాడి నోట్లో ఇంకొకాయన సోడా పోస్తాడు. తాళాల గుత్తి ఎవరి దగ్గరుందా అని నలుగురు జేబులు తడుముకుంటారు. ఇంత ప్రేమను తట్టుకుని బతకాలంటే గట్టి ప్రాణమే కావాలి.

నెల్లూరు జిల్లా తీరంలో ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, "మేడమ్, మీ అనుభవాలు చెప్పండి" అంటుంటారు. తుపాను వానలో లాంతరు వెలుగులో చేసిన కాన్పు గురించి చెబుతానని వాళ్ళ ఆశ. అలాంటివి అందరి దగ్గరా ఉంటాయి. నేను మా డ్రైవరన్న గురించి చెబుతాను.

డ్రైవరన్న మా ఆసుపత్రి అంబులెన్సు నడిపేవాడు. ఆరడుగుల మనిషి. గదిలోకి ఆయనకంటే ముందు ఆయన మీసం వచ్చేది. సముద్రం ఒడ్డు నుంచి నెల్లూరు దాకా ఏ గుంట ఏ వానకు పుట్టిందో చెప్పగలిగేవాడు. నొప్పులు పడుతున్న ఆడమనిషి బండిలో ఉంటే ఆ గుంటలన్నీ తప్పించుకుంటూ తేలిపోయినట్టు నడిపేవాడు. మామూలుగా మమ్మల్ని ఎక్కించుకున్నప్పుడు మాత్రం ఒక్క గుంట కూడా వదిలిపెట్టేవాడు కాదు.

ఆయన మా చర్చిలో సంఘపెద్ద కూడా. ఆయన ప్రార్థన మొదలుపెడితే ముందు ప్రపంచ దేశాల నాయకుల కోసం, తర్వాత మన దేశం కోసం, ఆ తర్వాత రాష్ట్రం కోసం, జిల్లా కోసం చేసుకుంటూ వచ్చి, మా వీధికి చేరేసరికి ఇళ్ళలో పొయ్యి మీద పెట్టొచ్చిన కూరలు మాడిపోయేవి. అంతసేపూ మోకాళ్ళ మీదే ఉండేవాడు.

మొదటిసారి పడింది అక్కడే. ఎండాకాలం ఆదివారం. కరెంటు పోయింది. పొడుగాటి ప్రార్థన ముగించి, "ఆమేన్" అంటూ రెండు చేతులూ పైకెత్తి గబుక్కున లేచాడు. లేచినవాడు లేచినట్టే, నరికిన తాటిమానులా వెనక్కి పడ్డాడు.

అప్పుడు ముందు వరసలో కూర్చునే ముసలమ్మ ఒకావిడ, "స్తోత్రం! ఆత్మ దిగినాడు!" అని కేక పెట్టింది. ఇక చెప్పేదేముంది? పాటలు, చప్పట్లు. ఎవరో ఫోనులో వీడియో తీశారు. డ్రైవరన్న కాసేపటికి కళ్ళు తెరిచి చూస్తే, తన చుట్టూ జనం కన్నీళ్ళతో పాడుతున్నారు. పడిపోయినందుకు అంత గౌరవం దక్కిన మనిషి, నేను మళ్ళీ పడను అని ఎందుకంటాడు?

కొన్ని వారాలకు మళ్ళీ పడ్డాడు. ఆ తర్వాత ఆదివారాల్లో జనం పెరిగారు. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చి ముందు వరసల కోసం తోసుకున్నారు. పడేముందు ఎలా ఉంటుందని నేనడిగితే, "లోకమంతా చీకటైపోతాది సిస్టర్. చెవుల్లో సముద్రం హోరు. ఒళ్ళంతా చల్లబడతాది. దేవుని సన్నిధి అట్టనే ఉంటాదేమో" అన్నాడు. ఎండకు వరసలో నిలబడి కళ్ళు తిరిగే ప్రతి రోగీ నాతో ఆ మాటలే చెప్పేవాడు, దేవుని సన్నిధి అన్న ముక్క తప్ప.

మా పాస్టరుగారు తెలివైన మనిషి. సన్నగా, పొట్టిగా, గట్టిగా గాలివీస్తే పట్టుకోవాలనిపించేలా ఉండేవారు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగారు. "నాకొక అనుమానం సిస్టరమ్మా. ఆత్మ దిగితే మనిషి లేవాల గదా? ఈయనేంది, పడిపోతా ఉండాడు?"

అంతలో ఆ వీడియో ఫోన్ల మీద తిరిగి తిరిగి జిల్లా ఆఫీసులో ఒక పెద్దాయన దాకా వెళ్ళింది. ఆయనకు అందులో ఆత్మ కనిపించలేదు. అంబులెన్సు డ్రైవరు కనిపించాడు. మా డాక్టరమ్మకు ఫోను చేసి, "మీ డ్రైవరుకు ఫిట్స్ ఉన్నాయంట కదమ్మా! బాగున్నాడని పెద్దాసుపత్రి వాళ్ళు చెప్పేదాకా స్టీరింగ్ ఇవ్వొద్దు" అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. పడిపోయే మనిషి చేతికి రోగుల బండి ఎవరిస్తారు?

బండి షెడ్డులో ఉండిపోయింది. కొత్త డ్రైవరును పంపుతామన్నారు. ప్రభుత్వం పంపుతామన్నదంటే అర్థమేమిటో మీకు తెలుసు. డ్రైవరన్న రోజూ యూనిఫాం వేసుకుని వచ్చి, బండి తుడిచి, వరండాలో బెంచీ మీద కూర్చునేవాడు. ఒకరోజు చేపల వేటకు పోయే పల్లెకారుల అమ్మాయి ఒకతె నెల్లూరు పోయే దారిలో ఆటోలోనే కనేసింది. తల్లీబిడ్డా క్షేమమే. కబురు తెలిసి డ్రైవరన్న షెడ్డులోకి పోయి బండి వెనక నిలబడ్డాడు. అంత పెద్ద మనిషి ఏడిస్తే భుజాలు ఎలా కదులుతాయో ఆరోజు చూశాను. చూడనట్టే వచ్చేశాను.

నెల్లూరులో తలకు స్కాను తీశారు. వైర్లు తగిలించి ఇంకేదో పరీక్ష కూడా చేశారు. తిరిగొచ్చాక ఆయన భార్యనడిగాను.

"ఏమన్నారక్కా?"

"తలకాయలో ఏం లేదన్నారు."

"మంచిదే కదా."

"ఆ ముక్క కోసం నెల్లూరు దాకా పోవాల్నా? నన్నడిగితే చెప్పనా?"

అలా మాట్లాడే మనిషి, ఆయన ప్రార్థనకు లేచిన ప్రతిసారీ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేది.

ఇక మా డాక్టరమ్మ. అనంతపురం పిల్ల. మా దగ్గరికి వచ్చేనాటికి సముద్రాన్ని ఫోనులో తప్ప చూసి ఎరగదు. ఎండుచేపల వాసనకు మొదటి వారమంతా ముక్కుకు గుడ్డ కట్టుకుంది. గొంతు ఎంత మెత్తనంటే, ఆమె "నోరు తెరవండి" అంటే రోగులు "ఆఁ, ఏమన్నారు?" అని నోరు తెరిచేవాళ్ళు. పని అలా కూడా జరిగిపోయేది.

ఫార్మసిస్టు ఆమెకు పూర్తిగా ఎదురు. నోరు మూతపడని మనిషి. ఎవరింట్లో ఏ కూరో, ఎవరికి ఎవరితో మాటల్లేవో మందుల కిటికీలోంచే ప్రసారం చేసేవాడు. కానీ రోగి చెప్పిన రహస్యం మాత్రం ఆయన కడుపులోంచి బయటికి వచ్చేది కాదు. అది మంచి గుణమే. ఆ మంచి గుణమే మా కొంప ముంచబోయింది.

ఒక మధ్యాహ్నం టీ వచ్చింది రమ్మని పిలిస్తే, డ్రైవరన్న బెంచీ మీద నుంచి లేచి మా ముందే కూలబడ్డాడు. మేమేం చేశాం? చదువుకున్నవాళ్ళం కదా, అందరూ చేసేదే చేశాం. నలుగురం కలిసి లేపి కుర్చీలో కూర్చోబెట్టాం. అటెండరు తన సైకిలు తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన తేరుకున్నాక నేను బీపీ చూశాను. బంగారంలా ఉంది. ఇంతకు ముందు కూడా ఎప్పుడు చూసినా బంగారమే. నిలబడితే పడిపోయే మనిషి గుట్టును కూర్చోబెట్టి కనిపెడదామని మా ప్రయత్నం.

డాక్టరమ్మకు అనుమానం వచ్చింది. "ఏమేం మాత్రలు వేసుకుంటున్నావన్నా?"

"మీరిచ్చిన బీపీ మాత్రే మేడమ్. ఇంకేం లేదు."

ఫార్మసిస్టుకు ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. పైకప్పు వైపు చూస్తూ బయటికి వెళ్ళిపోయాడు.

"నిన్ను పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడాలన్నా. రేపు పొద్దున చూద్దాం" అంది డాక్టరమ్మ.

"రేపు బాప్తిస్మాలుండాయి మేడమ్, మైపాడులో. సోమవారం చూపించుకుంటా."

"సముద్రంలోనా?" ఆమె కళ్ళు మెరిశాయి. "నేనూ రావచ్చా?"

మా సంఘంలో సముద్రంలోనే ముంచుతారు. పాస్టరుగారు ఒక పక్క, డ్రైవరన్న ఒక పక్క నిలబడి మనిషిని వెనక్కి వాల్చి ముంచి లేపాలి. ఈసారి ఆయన్ని దింపొద్దని పాస్టరుగారికి గట్టిగా చెప్పాను. నడుము లోతు నీళ్ళలో పడితే ఆయనే కాదు, ఆయన పట్టుకున్న మనిషి కూడా పోతారన్నాను.

"నిజమేనమ్మా. కానీ ఆయన లేకుంటే ఆ జనంలో సగం మంది నన్నే ముంచేస్తారు" అన్నారు పాస్టరుగారు. చివరికి ఈత వచ్చిన పల్లెకారులను చుట్టూ నిలబెట్టే ఒప్పందం మీద డ్రైవరన్న దిగాడు.

బాప్తిస్మానికి వచ్చినవాళ్ళలో ముసలివాళ్ళున్నారని నేను బీపీ మిషను సంచిలో వేసుకెళ్ళాను. డాక్టరమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని, అల వచ్చినప్పుడల్లా వెనక్కి గెంతుతూ, చిన్నపిల్లలా నవ్వుతోంది. బిరియానీ కోసం ఫార్మసిస్టు కూడా వచ్చాడు. విందుల విషయంలో ఆయన అన్ని మతాలనూ సమానంగా చూసేవాడు.

ఒడ్డున ఎవరికీ బాప్తిస్మాల మీద ధ్యాస లేదు. అందరి కళ్ళూ డ్రైవరన్న మీదే. ఫోన్లన్నీ ఆయన వైపే. ఆయన భార్య తడి ఇసుకలో నిలబడి పెదవులు కదుపుతోంది. ప్రార్థనో, తిట్లో తెలియలేదు.

ఆయన మాత్రం నీళ్ళలో బండరాయిలా నిలబడ్డాడు. అల వచ్చి ఛాతీకి కొట్టినా కదల్లేదు. చేపలమ్మే ఒక భారీ మనిషి నీళ్ళకు జడిసి ఆయన మెడకు వేలాడితే, పాస్టరుగారు మునిగి తేలారు గానీ డ్రైవరన్న అడుగు కూడా తీయలేదు. వరసగా అందరినీ ముంచి లేపాడు. నా పక్కన డాక్టరమ్మ నవ్వు ఆపేసి, "నీళ్ళలో ఇంత బాగా ఎలా ఉన్నాడు?" అని తనలో తాను అనుకుంటోంది.

అందరూ ఒడ్డుకొచ్చారు. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. ఎండ మాడ్చేస్తోంది. ముగింపు ప్రార్థన చెయ్యమని పాస్టరుగారు పొరపాటున డ్రైవరన్ననే అడిగారు. ఆయన తడిబట్టలతో నిలబడి, కళ్ళు మూసుకుని ప్రపంచ దేశాల నాయకులతో మొదలుపెట్టాడు. మన దేశం అయింది. రాష్ట్రం దగ్గర గొంతు పలచబడింది. జిల్లాకు చేరలేదు.

పడ్డాడు.

"స్తోత్రం!" అని ముసలమ్మ అననే అంది. కానీ ఈసారి బంధువులు ముందు చేరారు. బావమరుదులు ఇద్దరు ఆయన్ని ఎత్తి ప్లాస్టిక్ కుర్చీలో కూలేసి, తల ఒరిగిపోకుండా నిటారుగా పట్టుకున్నారు. వెంటనే ఆయన కళ్ళు తేలేశాడు. చేతులూ కాళ్ళూ కొట్టుకోవడం మొదలైంది.

"ఫిట్స్! ఫిట్స్! తాళాలు తే!"

ఎవరో మోటారుసైకిలు తాళాలు ఆయన పిడికిట్లో కుక్కారు. ఆయన భార్య ఇసుకలో కూలబడి, "పోతా ఉండాడే, నా మనిషి పోతా ఉండాడే" అని గుండెలు బాదుకుంటోంది. డాక్టరమ్మ చెప్పులు పారేసి పరుగెత్తింది. "కూర్చోబెట్టకండి! పడుకోబెట్టండి!" అని అరిచింది. ఆ గొంతు అలల హోరులో ఆమెకే వినిపించి ఉండదు.

నా గొంతు సంగతి వేరు. టీకాల రోజున పసిపిల్లల ఏడుపుల మీద తల్లులకు వినిపించేలా తయారైన గొంతు అది. "వదలండయ్యా మనిషిని!" అని ఒక్క కేక వేశాను. బావమరుదుల చేతులు వాటంతటవే వదిలేశాయి. నేను కుర్చీ వెనక్కి లాగాను. డ్రైవరన్న జారి ఇసుక మీద వెల్లకిలా పడ్డాడు. సంఘమంతా ఒక్కసారిగా "అయ్యో" అంది. రోగిని కుర్చీలోంచి కింద పడేసిన నర్సును వాళ్ళు అంతకు ముందు చూసి ఉండరు.

"కాళ్ళు! కాళ్ళు పైకెత్తండి!" అంది డాక్టరమ్మ.

అందరికంటే దగ్గర్లో ఉన్నది పాస్టరుగారు. ఆయన మారు మాట్లాడకుండా డ్రైవరన్న రెండు కాళ్ళూ ఎత్తి తన భుజాల మీద వేసుకున్నారు. ఆ కాళ్ళ బరువుకు ఆయన మోకాళ్ళు వణుకుతున్నాయి. కాసేపట్లోనే కొట్టుకోవడం ఆగింది. మొహంలోకి రంగు వచ్చింది. డ్రైవరన్న కళ్ళు తెరిచాడు. పైన తెల్లటి ఆకాశం. తన రెండు పాదాల మధ్య తెల్లబట్టల్లో పాస్టరుగారి ముఖం.

"పరలోకమా అయ్యగారూ?"

"కాదులేవయ్యా, మైపాడే."

డాక్టరమ్మ ఆయన్ని లేవనివ్వలేదు. పడుకునే ఉండగా నాతో బీపీ చూపించింది. బాగానే ఉంది. తర్వాత ఇద్దరిని చెరో పక్కా పట్టుకోమని, మెల్లగా నిలబెట్టి మళ్ళీ చూడమంది. చూస్తుండగానే జారిపోయింది. ఇంకాసేపుంటే మళ్ళీ పడేవాడే. వెంటనే పడుకోబెట్టేశాం.

"ఇప్పుడు చెప్పన్నా, ఇంకేం మాత్రలు వేసుకుంటున్నావు?"

డ్రైవరన్న చుట్టూ చూశాడు. సంఘమంతా ఉంది. ఆడవాళ్ళున్నారు. ఫోన్లున్నాయి. కళ్ళు మూసుకున్నాడు.

"చెప్పేదా అన్నా?" అన్నాడు ఫార్మసిస్టు వెనకనుంచి.

"నువ్వు గమ్మునుండు!"

"ఇంకా గమ్మునుంటే నీ ఉద్యోగం పోతాది, నేను జైలుకు పోతా." ఫార్మసిస్టు ముందుకొచ్చాడు. "మూత్రం సరిగా రావడం లేదని నెల్లూరులో చూపించుకున్నాడు మేడమ్. మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి వాచిందని మాత్ర రాసినారు. నా దగ్గరే తీసుకుంటా ఉండాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. మగతనం పోయిందనుకుంటారంట."

సంఘం మొత్తం సముద్రం వైపు తిరిగి అలలను శ్రద్ధగా చూడసాగింది. డ్రైవరన్న భార్య మాత్రం కన్నీళ్ళు తుడుచుకుని, "దానికా దాపరికం? రాత్రంతా మంచం దిగతా ఎక్కతా ఉండావే, నేనేమన్నా రాయినా, నిద్రపోతా ఉండేదానికి? నాకెప్పుడో తెలుసు" అంది.

అక్కడే, ఇసుకలో గొంతుక్కూర్చుని, డాక్టరమ్మ మాకందరికీ విషయం చెప్పింది. మనిషి లేచి నిలబడగానే రక్తం కాళ్ళలోకి దిగుతుంది. మెడలో రక్తనాళాల గోడల్లో కాపలా నరాలుంటాయి. పైకి పోయే ఒత్తిడి తగ్గిందని అవి కనిపెట్టి కబురు పంపుతాయి. గుండె జోరు పెంచుతుంది, కింది నాళాలు బిగుసుకుంటాయి, రక్తం తలకు చేరుతుంది. ఇదంతా మనకు తెలియకుండా రెప్పపాటులో జరిగిపోతుంది. ఆ గ్రంథి మాత్ర నాళాలను కూడా వదులు చేస్తుంది. దాని మీద బీపీ మాత్ర. ఇంక బిగుసుకోమంటే ఎలా బిగుసుకుంటాయి?

"అంటే వాచ్‌మన్ ఈల వేస్తానే ఉండాడు, గేటు మూసేవాడు నిద్రపోతా ఉండాడు" అన్నాడు ఫార్మసిస్టు.

"అంతే. నీళ్ళలో ఉన్నప్పుడు సముద్రమే చుట్టూ నుంచి కాళ్ళను నొక్కి పట్టింది. అందుకే పడలేదు. బయటికి రాగానే ఆ పట్టు పోయింది, పైగా ఎండ. పడిపోవడమంటే ఒళ్ళు తనకు తాను చేసుకునే వైద్యం. పడుకుంటే రక్తం తలకు చేరుతుంది. మనం లేపి కూర్చోబెట్టామా, తలకు రక్తం అందక ఇలా కొట్టుకుంటాడు. ఫిట్స్ కాదు ఇది."

బావమరుదులు ఇసుకలో వేళ్ళతో గీతలు గీసుకుంటూ కూర్చున్నారు.

తర్వాత నెల్లూరులో పెద్ద డాక్టరు కూడా అదే మాటన్నాడు. ఒక మాత్ర తగ్గించి, ఇంకొకటి మార్చారు. లేచేముందు మంచం అంచున కాసేపు కూర్చోమన్నారు, మడమలు ఎత్తి దించుతూ పిక్కలు బిగించమన్నారు, నీళ్ళు బాగా తాగమన్నారు. మూత్రానికి కూర్చునే పొమ్మన్నారు. ఆ చివరిదానికి ఒప్పించడమే అన్నిటికంటే కష్టమైంది. కొంతకాలం పడకుండా ఉన్నాక, చూసి, బండి ఇవ్వొచ్చన్నారు.

చర్చిలో మాత్రం నా పరువు పోయింది. డ్రైవరన్న ప్రార్థనలు కుర్చీలో కూర్చుని చేస్తున్నాడు, పడడం లేదు. పక్క ఊళ్ళ జనం రావడం మానేశారు. ముందు వరస ముసలమ్మ ఒకరోజు మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని, "మంచిగా దిగతా ఉండిన ఆత్మను నిలబెట్టేసినావు గదమ్మా, మిషను పెట్టి" అంది. పాస్టరుగారు వెనకనుంచి విని, మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకున్నారు.

కాబట్టి అమ్మాయిలూ, ఎవరైనా పడితే ముందు ఊపిరి చూడండి, కాళ్ళెత్తండి, చుట్టాలను తరమండి. తేరుకున్నాక, ఏయే మాత్రలు వేసుకుంటున్నారో అడగండి. ఏమీ లేవంటే మళ్ళీ అడగండి, భార్య లేని చోట.

డ్రైవరన్న మళ్ళీ స్టీరింగ్ పట్టిన రోజు ఆయన పక్క సీట్లో నేనే కూర్చున్నాను. వెనక తొలి కాన్పు అమ్మాయి, బిడ్డ అడ్డం తిరిగింది. గుంటలన్నీ తప్పించుకుంటూ నెల్లూరు చేర్చాడు. పెద్దాసుపత్రి ముందు బండి ఆగింది. అమ్మాయి తల్లి వెనకనుంచి, "దిగు నాయనా, దిగు" అని అరుస్తోంది. ఆయన దిగలేదు. సీటులోనే కూర్చుని మడమలు ఎత్తుతూ దించుతూ, మీసం కింద పెదవులు బిగించి, ఎదురుగా చూస్తున్నాడు. తర్వాత తలుపు తీసి, ఒక కాలు, ఇంకో కాలు పెట్టి దిగి, వెనక్కి నడిచి స్ట్రెచరు అందుకున్నాడు. నేనూ దిగాను కానీ, స్ట్రెచరు వైపు పోకుండా ఆయన కాళ్ళ వంకే చూస్తూ నిలబడిపోయాను.

ఆయన తల తిప్పాడు.

"నన్నేంది చూస్తా ఉండావు సిస్టర్? ఆ పిల్లని చూడు. నేను నిలబడే ఉండా."